కాన్ దాకా పోయిన కథలు నల్లగొండకు వచ్చిన రోజు

పోచంపల్లి మగ్గం, పాలమూరు తట్ట, సాయుధ పోరాటపు పాట... ప్రపంచ చిత్రోత్సవాలు మెచ్చిన మన సినిమాలను ఒక ఆదివారం మన జనం మధ్యలోనే కూర్చుని చూస్తే ఎలా ఉంటుంది?

శ్యామ్ బెనెగల్ తీసిన ‘నిశాంత్’ 1976లో కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. కథాకాలం 1945, కథాస్థలం తెలంగాణ. దొర తమ్ముళ్ళు బడిపంతులు భార్యను ఎత్తుకుపోతారు. ఊరంతా చూస్తూ ఊరుకుంటుంది. ఓ రోజు మాత్రం ఆ ఊరే గడీ మీద విరుచుకుపడుతుంది. ఆ సినిమా తీసింది పోచంపల్లిలో. అప్పుడది నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలను విడగొట్టాక యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసింది. నసీరుద్దీన్ షాకు అదే తొలి సినిమా. షబానా ఆజ్మీ, స్మితా పాటిల్, గిరీశ్ కర్నాడ్, అమ్రీష్ పురి అందరూ మన దుమ్ములో నడిచినవాళ్ళే.

తర్వాత బి.నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ వచ్చింది. 1980 మార్చిలో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారం. అది కార్లోవీ వారీ చిత్రోత్సవం దాకా పోయింది. నర్సింగరావే దర్శకుడై తీసిన ‘దాసి’కి 1988 సంవత్సరపు జాతీయ అవార్డులు అయిదు వచ్చాయి. ఆయనదే ‘మట్టి మనుషులు’ 1991లో మాస్కో చిత్రోత్సవంలో డిప్లొమా ఆఫ్ మెరిట్ అందుకుంది. బెనెగల్ మళ్ళీ పోచంపల్లికే వచ్చి చేనేత మీద ‘సుస్మన్’ తీశారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వెట్టి మనది, గడీ మనది, వలస మనది, మగ్గం మనది. కానీ నల్లగొండలో నా ఈడువాళ్ళను అడిగితే పేర్లు చెబుతారు, పాటలు పాడతారు, సినిమా మాత్రం మొత్తంగా చూడలేదంటారు. పాలమూరు వైపు అడిగితే పేర్లు కూడా తెలియనివాళ్ళే ఎక్కువ. ఈ బాధ ఒక్క నాదే కాదు. మా ఊళ్ళో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం ఉన్నాం. ఇద్దరు లెక్చరర్లు, రిటైరైన ఒక హెడ్మాస్టరు, మెడికల్ షాపు నడిపే ఒక అక్క, పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీసే ఒక తమ్ముడు, నేను. ఎప్పుడు కలిసినా ఈ మాటే వచ్చేది. పోయిన చలికాలంలో ఓ ఆదివారం మొత్తానికి ఆ పని మొదలుపెట్టాం. పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి దాకా నాలుగు సినిమాలు. టికెట్టు లేదు. గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకున్నాం.

సినిమాల కోసం తిరిగిన తిరుగుడు, రాసిన ఉత్తరాలు ఇక్కడ చెప్పను. ఒక్కటి చెప్పాలి. ముప్పై నలభై ఏళ్ళ కిందటి సినిమాను జనానికి చూపించాలంటే అడగాల్సిన మనిషిని వెతికి పట్టుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది. సినిమా తీయడానికి పడే కష్టం గురించి ఎందరో రాశారు. తీసిన సినిమాను బతికించుకోవడానికి పడే కష్టం గురించి రాసినవాళ్ళు తక్కువ.

‘మా దొర గంత మంచోడు గాదు’

హాలు కిటికీలకు నల్లగుడ్డలు కొడుతుండగానే జనం రావడం మొదలైంది. మేము విద్యార్థులు వస్తారనుకున్నాం. ముందుగా వచ్చింది ముసలివాళ్ళు. కట్టంగూరు వైపు నుంచి ఎనభై దాటిన ఒక తాత మనవడి బండి మీద వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. భుజం మీద గొంగడి. ‘‘సంఘపోల్ల సినిమా అన్నరు, ఇదేనా?’’ అని అడిగాడు. ఇదే తాతా అన్నాం.

మొదట వేసిన ‘మా భూమి’ రెండున్నర గంటల సినిమా. రామయ్య అనే పేద రైతుబిడ్డ కథ. వెట్టి తట్టుకోలేక ఊరు వదిలి పట్నం పోతాడు, అక్కడ కూలీ చేస్తాడు, చదువు నేర్చుకుంటాడు, సంఘం తెలుసుకుంటాడు, తిరిగి ఊరికి వచ్చి పోరాటంలో దిగుతాడు. సాయిచంద్‌కు ఇదే తొలి వేషం. ‘తెలంగాణ’ శకుంతల కూడా ఈ సినిమాతోనే తెరమీదికి వచ్చారు. బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ గొంగడి కప్పుకుని, చేతిలో కర్ర పట్టుకుని పాడే చోటు రాగానే హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. సుద్దాల హనుమంతు పశులకాపరి పిల్లవాడి మీద రాసిన పాట వచ్చినప్పుడు చప్పట్లు లేవు. చాలామంది పెదాలు కదులుతున్నాయి. సుద్దాల మా పాత జిల్లాలోని ఊరే. ఆ పాట ఇక్కడివాళ్ళు రేడియోలో విని నేర్చుకున్నది కాదు.

ఈ సినిమా నేను ఇదివరకు చిన్న తెర మీద చూశాను. నల్లగొండ జనం మధ్య చూడటం వేరు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. కడవెండి అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. అక్కడి నుంచి 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా అయిదేళ్ళ పైచిలుకు చరిత్ర ఈ నేల మీద నడిచింది. ఆ చరిత్రను పాఠంగా చదివినవాళ్ళూ, ఇంట్లో విన్నవాళ్ళూ, కళ్ళతో చూసినవాళ్ళూ ఒకే హాల్లో కూర్చుంటే సినిమా తెర దగ్గరే ఆగిపోదు. దొర కనబడ్డప్పుడల్లా వెనక వరసల్లో ఏదో ఒక పాత దొర పేరు గుసగుసగా వినబడేది.

సినిమా అయ్యాక మాట్లాడమని అడిగితే తాత లేచాడు. మైకు వద్దన్నాడు.

‘‘సినిమా మంచిగున్నది. గని సినిమాల దొర మంచోడు. మా దొర గంత మంచోడు గాదు’’ అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సంఘం దొరల భూములు పంచినప్పుడు వాళ్ళ నాయనకు మూడెకరాలు వచ్చాయట. మిలిటరీ వచ్చినంక ఆ మూడెకరాలూ పోయాయట. సినిమా చివర్లోనూ అదే జరుగుతుంది, 1948లో సైన్యం దిగాక పారిపోయిన దొరలు ఖద్దరు కట్టుకుని తిరిగి ఊళ్ళోకి వస్తారు. ‘‘గా ముచ్చట మటుకు ఉన్నదున్నట్టు తీసిండ్రు’’ అని కూర్చున్నాడు. పక్కన డిగ్రీ చదివే అమ్మాయి, ‘‘మరి భూదానంలనన్న మీకు రాలేదా తాతా?’’ అని అడిగింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచిన సంగతి ఆ అమ్మాయికి పాఠంలో ఉంది. తాత చేయి అడ్డంగా ఊపాడు. ‘‘గది వాల్లకొచ్చింది, మాకు గాదు బిడ్డా.’’

ఏ పెద్ద చిత్రోత్సవంలోనైనా సినిమా అయ్యాక దర్శకుడితో ముఖాముఖి పెడతారు. మాకు దర్శకుడు లేడు. ఉన్నది ఆ తాత, ఆ అమ్మాయి. అంతకంటే మంచి ముఖాముఖి నేను చూడలేదు.

మాటలు తక్కువ సినిమాలో మాట పోయింది

రెండో సినిమా ‘దాసి’. గడీలో ఉండే కమలాక్షి కథ. అర్చన నటించారు. గడీ పనులు చేస్తూ, దొర పిలిస్తే పోతూ, చివరకు కడుపులో పెరిగే బిడ్డను కూడా దొరసాని ఆజ్ఞ మీద పోగొట్టుకునే ఆడమనిషి. ఈ సినిమాలో మాటలు చాలా తక్కువ. ఆమె నీళ్ళు తెస్తుంది, ఊడుస్తుంది, వంటింటికీ లోపలి గదులకూ మధ్య తిరుగుతుంది. కెమెరా తొందరపడకుండా ఆమెనే చూస్తూ ఉంటుంది.

మొదలైన కాసేపటికి స్పీకర్లలో శబ్దం పోయింది. సినిమా తీరే అంత నెమ్మది కావడంతో పోయిన సంగతి కొద్దిసేపు ఎవరికీ తెలియలేదు. పెదాలు కదులుతున్నా మాట వినబడకపోయేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, ‘‘మాట బందైంది అన్నా’’ అని కేకేశారు. ఫొటోల తమ్ముడు వైర్ల దగ్గరికి ఉరికాడు. సినిమా ఆపుదామా అంటే మెడికల్ షాపు అక్క వద్దంది. ‘‘నడవనియ్. అర్థమైతుంది’’ అంది.

నిజంగానే అర్థమైంది. పైగా, శబ్దం లేదు కాబట్టి మాట్లాడొచ్చు అనుకున్నారేమో, వెనక కూర్చున్న పెద్దవయసు ఆడవాళ్ళు నోరు విప్పారు. చీర కట్టిన తీరు, చేతికీ మెడకీ పెట్టుకున్న సొమ్ములు, గిన్నెలు, గంగాళాలు, బిందెలు ఒక్కొక్కటీ చూసి పేరు చెప్పుకుంటున్నారు. పట్టుకున్న తీరు సరైనదో కాదో తేలుస్తున్నారు. వాళ్ళు ఒప్పుకున్నవే ఎక్కువ. అయిదు జాతీయ అవార్డుల్లో ఒకటి తోట వైకుంఠం కళాదర్శకత్వానికి, ఒకటి పిట్టంపల్లి సుదర్శన్ దుస్తుల రూపకల్పనకు వచ్చింది ఊరికే కాదు. సుదర్శన్‌ది మిర్యాలగూడ. ఆ సినిమా తర్వాత ఆయన పేరే ‘దాసి సుదర్శన్’ అయింది. 2024లో కన్నుమూశారు. ఆ రోజు హాల్లో ఆయన ఫొటో పెట్టాం. తెర మీద ఆయన కట్టించిన చీరలకు వీళ్ళు ఇచ్చిన మార్కులు ఆయన విని ఉంటే బాగుండేది.

శబ్దం తిరిగొచ్చాక ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. నాకు అది లోటనిపించింది.

సినిమా అయ్యాక నకిరేకల్ నుంచి వచ్చిన ఒకామె లేచింది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. దొరసానుల వెంట పెళ్ళినాడే అరణంగా ఆడపిల్లలను పంపేవాళ్ళని, వాళ్ళను ఆడబాపలనేవాళ్ళని హెడ్మాస్టరు గారు అంతకుముందే రెండు మాటలు చెప్పారు. ఆమె దాన్నే పట్టుకుంది.

‘‘మా పెద్దమ్మ గడీల ఉండేది. ఆమెకు పెండ్లి గాలే. ఎందుకు గాలేదని మేము ఎన్నడు అడగలే. పెద్దోల్లు చెప్పలే. ఇయ్యాల అడగబుద్ది అయితుంది. ఎవల్ని అడగాలె?’’

దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు హాల్లో లేరు. ఎవరూ చెప్పడానికి ప్రయత్నించలేదు కూడా. పక్కనున్న అక్క ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ‘దాసి’ మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి, నేనూ కొన్ని చదివాను. ఆ నాలుగు ముక్కల ముందు ఏదీ నిలవదని నా నమ్మకం.

అన్నాల వేళ

బగార అన్నం, పప్పుచారు, వంకాయ కూర. అన్నం దగ్గర మాట కాంతారావు మీదికి మళ్ళింది. హాలు వరండా గోడకు కొన్ని ఫొటోలు తగిలించాం, అందులో కత్తి పట్టుకున్న కాంతారావు ఉన్నాడు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టి, జానపద సినిమాల్లో ఎన్టీఆర్ తర్వాత అంతటి పేరు తెచ్చుకున్న మనిషి. నాలుగు వందలకు పైగా సినిమాలు చేశాడు. ‘లవకుశ’లో లక్ష్మణుడు, ఎన్నో సినిమాల్లో నారదుడు. సొంతంగా సినిమాలు తీసి ఉన్న భూములు పోగొట్టుకున్నాడు. పక్క ఫొటో తుంగతుర్తి ప్రభాకర్ రెడ్డిది. డాక్టరీ చదివి నటుడైనవాడు. సినీ కార్మికుల ఇళ్ళ కోసం హైదరాబాద్‌లో తన భూమి ఇచ్చాడు. చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదనే ఉంది. ఒకే జిల్లా నుంచి పోయిన ఇద్దరిలో ఒకరు సినిమా కోసం భూమి పోగొట్టుకున్నారు, ఒకరు సినిమావాళ్ళకు భూమి ఇచ్చారు. ఈ ఇద్దరి మీదా ఒక మంచి డాక్యుమెంటరీ రావాలని నాకు ఎప్పటి నుంచో ఆశ.

ఒక కుర్రాడు, ఇన్నేళ్ళలో మన దగ్గర చిత్రోత్సవాలే జరగలేదా అని అడిగాడు. జరిగాయి. 1986లో కేంద్రం నడిపే ఫిల్మోత్సవ్‌కు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. 1999 నుంచి కొన్నాళ్ళు అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం రెండేళ్ళకోసారి హైదరాబాద్‌లోనే జరిగింది. బంగారు ఏనుగు బొమ్మ బహుమతి. శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరుతో ప్రివ్యూ థియేటర్ ఉంది, శనివారాలు ‘సినివారం’ పేరుతో కొత్త పిల్లల సినిమాలు వేశారు. ఇవన్నీ మంచి పనులే, అన్నీ హైదరాబాద్‌లోనే. జిల్లాల్లో చెప్పుకోదగ్గది కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ. వాళ్ళు దశాబ్దాలుగా ఒక పద్ధతిగా నడిపారు. నల్లగొండ, పాలమూరు నుంచి ఒక మంచి సినిమా చూడాలంటే మాత్రం ఇవాళ్టికీ బస్సెక్కాల్సిందే.

సరిగ్గా ఈ మాటల్లో ఉండగానే హాలు వాచ్‌మన్ వచ్చి, సాయంత్రం పుట్టువెంట్రుకల ఫంక్షన్ ఉందని, నాలుగింటికల్లా ఖాళీ చేయాలని చెప్పాడు. మేము రాత్రి దాకా మాట్లాడుకున్నాం. ఫంక్షన్‌వాళ్ళూ మాట్లాడుకున్నారట. హాలువాళ్ళు డబ్బు తిరిగిస్తామన్నారు కానీ పందిరివాళ్ళు అప్పటికే పూలు దించుతున్నారు. ఫంక్షన్ చేసుకునేవాళ్ళతో పోట్లాడే పని కాదు. పసివాడి శుభకార్యం. మూడో సినిమా ఇక్కడే వేసి, నాలుగోది ఎక్కడ వేయాలో తర్వాత చూద్దామనుకున్నాం.

కోస్గి నుంచి వచ్చిన గుంపు

మూడో సినిమా ‘మట్టి మనుషులు’ చూడటానికి మేము ప్రత్యేకంగా పిలిచినవాళ్ళు ఉన్నారు. ఊరి చివర ఒక పెద్ద బిల్డింగు పని నడుస్తోంది. అక్కడ పనిచేసేది పాలమూరులోని కోస్గి వైపు నుంచి వచ్చిన గుంపు. గుంపు మేస్త్రీ, నాలుగైదు జంటలు, పిల్లలు. ఆదివారం సగం రోజు సెలవు. అన్నం తిని స్నానాలు చేసి, తలలు దువ్వుకుని వచ్చారు.

పాలమూరు లేబర్ అనే మాట ఈ దేశంలో ప్రాజెక్టులు కట్టిన ప్రతిచోటా తెలుసు. కృష్ణా, తుంగభద్ర రెండూ జిల్లా ఒడ్డునే పారుతాయి, మెట్ట మీదికి నీళ్ళెక్కవు. వాన ఆగితే పని ఆగుతుంది. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ డబ్బుతో అప్పో పెళ్ళో గట్టెక్కుతుంది. బదులుగా ఆలుమగలిద్దరూ ఏడాదో రెండేళ్ళో గుంపుతో తిరగాలి. ముసలివాళ్ళు, బడికెళ్ళే పిల్లలు ఊళ్ళో మిగులుతారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ కట్టకు రాళ్ళు మోసినవాళ్ళలో పాలమూరు మనుషులు ఉన్నారు. ఆ నీళ్ళతో పండింది వేరేవాళ్ళ పొలాలు. పల్లె ఇలా ఖాళీ అయిపోవడం మీద పాట కట్టిన గోరటి వెంకన్నది కూడా ఆ మట్టే. తెలకపల్లి దగ్గరి గౌరారం. 2002లో ‘కుబుసం’ సినిమాలో ఆ పాట వచ్చాక తెలుగునాట తెలియనివాళ్ళు లేరు.

‘మట్టి మనుషులు’ కూడా అలా ఊరు వదిలి హైదరాబాద్‌కు వచ్చి బిల్డింగు పనిలో పడిన జంట కథే. ఇందులోనూ అర్చనే. నీనా గుప్తా, భూపాల్ రెడ్డి ఉన్నారు. ఆమె తట్ట మోసే సన్నివేశాలు వస్తున్నప్పుడు నేను తెరను వదిలి గుంపు వైపు చూశాను. ఒకామె తన పక్కామె మోచేతిని పొడిచి తెర చూపించి ఏదో చెబుతోంది.

తర్వాత మాట్లాడే వంతు వచ్చినప్పుడు లెక్చరర్ ఒకాయన, నటి కదా, తట్ట మోయడం అలవాటు లేని నడక తెలిసిపోతోంది, అది సినిమాలో చిన్న లోపం అన్నాడు. ఆ మోచేయి పొడిచినామె కూర్చున్న చోటు నుంచే అడ్డం పడింది.

‘‘కాదు సారూ. పనికొచ్చిన తొలినాడు అందరం గట్లనే నడుస్తం. మెడ బిర్రుగ పెడ్తం. కండ్లు కిందికి పోవు. యాడ అడుగేస్తున్నమో దెల్వది. నెల దినాలైనంక నడుము నుంచి నడుస్తం, మెడ ఇడిసిపెడ్తం. ఆమె కొత్తగొచ్చింది గద సినిమాల? సరిగనే నడిసింది.’’

ఇంతటితో ఆగలేదు. లేచి నిలబడి, తలమీద ఉన్న కొంగునే చుట్టబట్టగా చుట్టి, ఖాళీ చేతులు పైకెత్తి రెండు నడకలూ నడిచి చూపించింది. మొదట కొత్తగా వచ్చినామె నడక. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, చేతులు తట్టను గట్టిగా పట్టుకున్నాయి, మోకాళ్ళు వంగడం లేదు. రెండోది అలవాటైనామె నడక. ఒక్క చేయే పైన ఉంది, అదీ ఊరికే ఆనించినట్టు, రెండో చేయి పక్కన ఊగుతోంది, పాదం ముందు బొటనవేలుతో పలకను తడిమి తర్వాత మడమ దించుతోంది. మెట్ల మీద, కట్టెల పలకల మీద చూడకుండా నడవాలంటే కాలే చూసుకోవాలట. ఫంక్షన్ హాలు నడిమధ్యలో, పూలు కడుతున్న పందిరివాళ్ళు కూడా పని ఆపి చూశారు.

లెక్చరర్ వెంటనే, ‘‘అక్కా, నువ్వు చెప్పిందే కరెక్టు’’ అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నటన మీద ఇంత లోతైన మాట నేను ఏ సమీక్షలోనూ చదవలేదు. మాస్కోలో ఆ సినిమాను మెచ్చినవాళ్ళకు ఆ నడకలోని తేడా తెలిసే వీలు లేదు. తెలిసినవాళ్ళు ముప్పై ఏళ్ళు దాటినా సినిమా చూడలేదు. చిత్రోత్సవం అంటే సినిమాను తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోవడం అని నేను వాదించేది ఇందుకే. ఇక్కడ తెలిసినవాళ్ళంటే సినిమా తెలిసినవాళ్ళు కాదు, తట్ట తెలిసినవాళ్ళు.

గోడ దూకి వచ్చిన జనం

నాలుగింటికి తెర విప్పి, ప్రొజెక్టరు, స్పీకర్లు ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరాం. హెడ్మాస్టరు గారు ఎవరికో ఫోన్ చేసి ఒక స్కూలు గ్రౌండు అడిగారు. చీకటి పడితే తప్ప బయట బొమ్మ పడదు. ఆ రెండు గంటల్లో ఉన్న జనం పోతారని భయపడ్డాం. కొందరు పోయారు. దేవరకొండ వైపు బస్సులు అందుకోవాల్సినవాళ్ళు పోక తప్పలేదు. కట్టంగూరు తాత మాత్రం మనవడిని టీ తెమ్మని పంపి, గొంగడి పరచుకుని గ్రౌండులోనే కూర్చున్నాడు.

రెండు వేప చెట్ల మధ్య తాళ్ళు కట్టి తెర వేశాం. మా చిన్నప్పుడు సర్కారు ప్రచారశాఖ వ్యాను వచ్చి ఊళ్ళో ఇలాగే తెర కట్టేది. కుటుంబ నియంత్రణ రీలు ఒకటి వేసి, తర్వాత పాత సినిమా వేసేవాళ్ళు. అది చూసిన తరం మాది. చీకటి పడి బొమ్మ పడగానే ప్రహరీ మీద తలలు లేచాయి. కాసేపటికి ఒక్కొక్కరు దూకి లోపలికి వచ్చారు. మిర్చిబండి అతను బండిని గేటు దగ్గరికి తోసుకొచ్చి నిలబడ్డాడు. ట్యూషన్ నుంచి సైకిళ్ళ మీద పోతున్న పిల్లలు ఆగారు. పొద్దున హాల్లో ఉన్నవాళ్ళకంటే ఇప్పుడు గ్రౌండులో జనం ఎక్కువ. హాల్లోకి రావడానికి వాళ్ళను ఆపినవాళ్ళు ఎవరూ లేరు, అయినా రాలేదు. గాజు తలుపులు, కుర్చీలు, బ్యానర్ చూసి, ఇది మనకు కాదనుకున్నారు. నేల మీద కూర్చోవడానికి ఎవరి పిలుపూ అక్కరలేదు.

నాలుగోదైన ‘సుస్మన్’ హిందీ సినిమా. 1987లో వచ్చింది. ఓంపురి పోచంపల్లి నేతన్న రాములు, షబానా ఆజ్మీ భార్య గౌరమ్మ. పారిస్ ప్రదర్శన కోసం ఇక్కత్ పట్టుచీరలు నేయించడానికి పట్నం నుంచి డిజైనర్ వస్తుంది. ఆర్డరు కోసం ఇచ్చిన పట్టులో కొంత తీసి కూతురి పెళ్ళిచీరకు వాడుకోవడంతో ఆ కుటుంబం పరువు వీధిన పడుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ప్రియదర్శన్ తమిళంలో ‘కాంచీవరం’ తీసినప్పుడు అందులోనూ నేతన్న కూతురి చీర కోసం పట్టు దొంగిలిస్తాడు. రెండు వేర్వేరు ఊళ్ళు, ఒకటే గోస. నేసేవాడి ఇంట్లోకి తను నేసిన చీర రాదు.

ఈ సినిమాకు డబ్బు పెట్టింది చేనేత సహకార సంఘాల సమాఖ్య. అంతకుముందు బెనెగల్ గుజరాత్‌లో అయిదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకుంటే ‘మంథన్’ తీశారు. ఆ ‘మంథన్’ను బాగుచేసి 2024లో కాన్‌లో మళ్ళీ వేశారు. ‘సుస్మన్’కు కూడా ఆ భాగ్యం పట్టాలని నా కోరిక. మేము వేసిన కాపీలో రంగులు వెలిసిపోయాయి. రంగే ప్రాణమైన ఇక్కత్ సినిమాలో రంగు వెలిసిపోవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్ నుంచి వచ్చిన నేతన్నలు కొందరు చివరిదాకా ఉన్నారు. హిందీ మాటలు అందరికీ పట్టలేదు. వాళ్ళు చూసింది చేతులను. చిటికి కట్టే తీరు, నాడె విసిరే తీరు, పడుగు మీద రంగు అంచు పేక అంచుతో కలిసే తీరు. పుట్టపాక పెద్దాయన ఒకరు, ఆసు పోసే సీను వచ్చినప్పుడు భార్య వైపు తిరిగి, ‘‘నీ పనొచ్చింది సూడు’’ అన్నారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి కొన్ని వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజాలు పడే నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట కుర్రాడు చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన మీదే సినిమా వచ్చింది. ప్రియదర్శి చేశాడు. ఆమె మాత్రం తెర వైపు చూసి, ‘‘నా భుజం అప్పటికే పాయె’’ అంది.

పారిస్‌లో రాములు బొమ్మలా కూర్చుని నేస్తుంటే తెల్లవాళ్ళు చుట్టూ చేరి చూసే ఘట్టం దగ్గర జనంలో ఒక కదలిక వచ్చింది. మన మనిషిని పరాయివాళ్ళు చూస్తుంటే, ఆ చూడటాన్ని మన గ్రౌండులో మనం చూస్తున్నాం.

ఇలా నేల మీద సినిమా చూపించే దారి కొత్తది కాదు. కేరళలో జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు 1984లో ఒడెస్సా పేరుతో జట్టు కట్టి ప్రొజెక్టరు మోసుకుంటూ ఊరూరా తిరిగారు. జనం ఇచ్చిన చిల్లర డబ్బులతోనే ‘అమ్మ అరియాన్’ తీశారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో పేద దేశం, అయినా 1969 నుంచి వాగడూగులో ఆ ఖండానికంతటికీ పెద్దదైన చిత్రోత్సవం నడుపుతోంది. మనకు లేనిది డబ్బు కాదు. పెళ్ళికి పెట్టే ఎల్ఈడీ తెర ఖర్చులో పదో వంతుతో ఒక మండలానికి ఏడాది పొడవునా సినిమాలు చూపించవచ్చు. జిల్లా గ్రంథాలయాలకు హాళ్ళున్నాయి, బళ్ళకు గ్రౌండులున్నాయి. సర్కారు చేయాల్సింది ఒకటుంది. ఈ నాలుగు సినిమాలనూ మంచి కాపీలుగా బాగుచేయించి, అడిగిన ఊరికి ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

పది దాటాక తెర విప్పుతుంటే కోస్గి మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. గుంపంతా మళ్ళీ వచ్చి ‘సుస్మన్’ కూడా చూసిందట, గోడ పక్కన నిలబడి. ‘‘ఆ మట్టోల్ల సినిమా మా ఊర్ల ఎయ్యాలంటే ఎంతైతది సారూ?’’ అని అడిగాడు.

డబ్బు వద్దు, కరెంటు, పడుకునే చోటు ఇస్తే చాలు, తేదీ మీరే చెప్పండి అన్నాం.

అతను లెక్కలు వేసుకున్నాడు. సంక్రాంతికి సగం మంది బొంబాయిలోనే ఉంటారు. ఉగాదికి పని ఒత్తిడి. ‘‘పీర్ల పండుగకు పెట్టుండ్రి. గప్పుడు అందరం ఇండ్లల్లనే ఉంటం’’ అన్నాడు.